ఎవరి పేరుకు ఎవరు పలకాలి

పోయిన వారం మనం మయూరిని కామాటిపురా పన్నెండో గల్లీలో, గదికో కుటుంబం ఉండే ఎల్లమ్మ చాల్ మూడో అంతస్తు మెట్ల మీద, చెప్పులు చేతిలో పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. లోపలినుంచి పెదనాన్న శంకర్రావు గొంతు వినిపిస్తోంది. "రేపు మయూరి ఆడుతది. ఒప్పించే పూచీ నాది" అంటున్నాడు. తనను అడగకుండా తన కాళ్ళకూ చేతులకూ ఇంకొకరు మాట ఇచ్చేస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మయూరికీ మండింది. అయినా లోపలికి పోలేదు, కిందికి దిగలేదు. అక్కడే మెట్టు మార్చి మెట్టు మీద కాళ్ళు పెడుతూ తచ్చాడింది.

ఈ కథలోకి మధ్యలో వచ్చినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను, మిగతావాళ్ళు ఓపిక పట్టండి. నాలుగేళ్ళ కిందట సాంగ్లీలో జరిగిన రాష్ట్ర స్థాయి కబడ్డీ పోటీల్లో ఈ గల్లీ ఆడపిల్లల జట్టు బంగారు పతకం గెలిచింది. ఫైనల్‌లో చివరి కూతకు వెళ్ళి గెలిపించింది మయూరి. పతకం మాత్రం ప్రాజక్త పేరు మీద వచ్చింది. ప్రాజక్త శంకర్రావు కూతురు, మయూరి కంటే ఏడాది పెద్ద. జట్టు పేర్లు పంపేశాక ప్రాజక్త కడుపునొప్పితో మంచం పట్టింది. పేరు మార్చే గడువు దాటిపోయింది. స్కూల్ వ్యాను తోలుకుంటూ, జట్టుకు గురువూ మేనేజరూ నీళ్ళ సీసాలు మోసేవాడూ అన్నీ తానే అయిన శంకర్రావు, తమ్ముడి కూతురిని ప్రాజక్త పేరుతో బరిలోకి దింపాడు. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు, ఒకటే ముక్కు. అడిగినవాళ్ళు లేరు.

తప్పు అని చాల్‌లో ఎవరికీ తోచలేదు కూడా. ఇక్కడ ఒకరి పేరు మీద వచ్చిన గ్యాసు ఇంకొకరి పొయ్యి మీద మండుతుంది. ఒకరి పేరు మీది కరెంటు మీటరుకు రెండిళ్ళ ఫ్యాన్లు తిరుగుతాయి. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి దిగినవాళ్ళకు సొంతంగా ఒక గుర్తింపు కార్డు దొరికేదాకా, ముందొచ్చినవాళ్ళ పేర్లే దిక్కు. ఉప్పు అడిగినంత తేలిగ్గా పేరు అడుగుతారు, ఇస్తారు.

ఇప్పుడు సర్కారువారికి యువత మీద ప్రేమ పుట్టింది. రాష్ట్ర స్థాయిలో బంగారం గెలిచిన ఆటగాళ్ళకు ఉద్యోగం, ఉండటానికి క్వార్టర్స్. ఒకటే మెలిక: మైదానానికి వచ్చి ఇంకా ఆట మిగిలి ఉందో లేదో చూపించాలి. పిలుపు ప్రాజక్తకు వచ్చింది. ఆమె నాలుగేళ్ళుగా మ్యాట్ ఎక్కలేదు, నాగ్‌పాడాలో ఒక మొబైల్ దుకాణంలో ఫోన్లకు గాజు అతికిస్తోంది. మయూరి ఆ తర్వాత సొంత పేరుతో రెండేళ్ళు ఆడింది కానీ జట్టు సెమీస్ దాటలేదు. పైగా ఈ చాల్‌లన్నీ పడగొట్టి కొత్త బిల్డింగులు కడతారట, గది ఎవరి పేరున ఉంటే ఫ్లాటు వాళ్ళకు. మయూరి, ఆమె తల్లి రేణుక ఉంటున్నది శంకర్రావు పేరు మీద ఉన్న ఒంటి గది ఖోలీలోనే, ఒక చీర కట్టి అడ్డం చేసుకున్న సగంలో. తండ్రి పోయినప్పటినుంచీ అంతే. రేణుక ధారావిలో బ్యాగులు కుట్టే కార్ఖానాకు పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది.

ఇంతే సంగతి. ఇక పిల్లను మెట్ల మీదనుంచి లోపలికి పంపుదాం.

లోపల శంకర్రావు కుర్చీలో, ప్రాజక్త కిటికీ దగ్గర. గుమ్మానికి ఆనుకుని నాయనమ్మ లక్ష్మవ్వ మెంతికూర తుంచుతోంది. సాయంత్రం నీళ్ళు వచ్చే వేళ, గదుల ముందున్న గ్యాలరీలో బిందెలు మోగుతున్నాయి.

"వచ్చినవా బిడ్డా? కూసో" అన్నాడు శంకర్రావు.

"నిలబడ్త. జెప్పు పెద్దనాయినా."

అతను చెప్పాడు. ఎన్నిసార్లు తనలో తాను చెప్పుకున్నాడో, ఎక్కడా తడబడలేదు. "గేటు కాడ మిషన్ మీద అంగూఠా ప్రాజక్త పెడ్తది. ఆడిదాంక ఆమెనే. లోపలికి పోయినంక బట్టలు మార్చుకునే ఖోలీ ఉంటది. జెర్సీ నువ్వు ఏసుకుంటవ్. సాంగ్లీల ఎట్ల ఆడినవో గట్లనే నాలుగు కూతలు పోయి రా. బస్, అయిపాయె."

"నౌకరీ?"

"నౌకరీ దానిది. పతకం మీద దాని పేరు ఉన్నది గదా."

"మరి నాకేంది?"

శంకర్రావు చేత్తో గోడ తట్టాడు. సున్నం కొంచెం రాలింది. "ఈ ఖోలీ. కొత్త బిల్డింగ్ లేసినంక వచ్చే ఫ్లాటు నీకు, మీ అమ్మకు. మేం దాని క్వార్టర్స్‌కి పోతం. ఒకరికి నౌకరీ, ఒకరికి ఇల్లు. అవ్వ మీద ఒట్టు."

"నా మీద ఎందుకురా? ఒట్టేస్తే నీ మీద ఏసుకో" అంది లక్ష్మవ్వ తలెత్తకుండానే.

మయూరికి కోపం రావాలి. రాలేదు. ముందు ఆశ పుట్టింది, నిజం చెప్పాలి కదా. చీర అడ్డం లేని గది, అమ్మ తలుపు వేసుకుని బట్టలు మార్చుకునే గది కళ్ళ ముందు కదిలింది. రేణుక ఇన్నేళ్ళుగా చీర కొంగు పళ్ళతో పట్టుకుని, గోడవైపు తిరిగి రవిక మార్చుకుంటోంది. ఒక్క పూట ఆట ఆడితే అది పోతుంది. ఆ తర్వాత కోపం వచ్చింది, ఆశ పుట్టినందుకు తన మీదే వచ్చింది.

"ఆ పతకం నాది" అంది. "ఆడింది నేను. మోకాలు పగిలింది నాది. నౌకరీ అక్కకు ఎట్ల పోతది?"

"ఎట్ల పోతదా? మీ అవ్వను అడుగు" అన్నాడు శంకర్రావు. "అవ్వా, నీ ముఠాల ఏం జేస్తుంటిరి? హాజరీ సంగతి జెప్పు దీనికి."

లక్ష్మవ్వ వయసులో ఉన్నప్పుడు బిల్డింగు పనుల్లో తెలుగు ఆడవాళ్ళ ముఠాలో కాంక్రీటు తట్టలు మోసింది. పొద్దున్నే కూలీల మీద పెత్తనం చేసే ముకాదం పేర్లు పిలిచేవాడు. బాలింత అయి పనికి రాలేని ఆడమనిషి పేరు వస్తే, ముఠాలో ఎవరో ఒకరు "హాజర్" అని పలికేవాళ్ళు. ఆ పూట ఆమె వంతు తట్టలు మిగతావాళ్ళు పంచుకుని మోసేవాళ్ళు. కూలి మాత్రం పేరున్న బాలింతకే చేరేది. ముకాదానికి తెలియదా అంటే తెలుసు. పని ఆగకపోతే ఏ గొంతు పలికితే అతనికేం?

"విన్నవు గదా" అన్నాడు శంకర్రావు, తల్లి ఏమీ చెప్పకముందే. "మోసినోళ్ళు ఒకరు, కూలి పేరున్నోళ్ళకు. మన మందిల ఇది మొదటిసంది ఉన్నదే. నా బిడ్డ మంచంల పడి ఉంటే నువ్వు పలికినవ్. రేపింకోసారి పలుకు."

"పడి ఉంటే అని నువ్వే అంటున్నవ్ గదా!" మయూరి గొంతు లేచింది. "అక్క పడుకుంది, నేను నీ ఇజ్జత్ కాపాడిన. నాలుగేండ్ల నుంచి ఒక్కసారన్న ఆ మాట బయట అన్ననా? మీ కోసం నేను నా ఆట ఇచ్చిన. ఇంక ఎన్నిసార్లు ఇయ్యాలె?"

కిటికీ దగ్గర ప్రాజక్త చేతిలోని ఫోను పక్కన పెట్టింది.

"నాకు కడుపు నొయ్యలే" అంది.

గ్యాలరీలో ఎవరి బిందో పొంగి నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ కుళాయి కట్టేయడానికి లేవలేదు.

"ఏమన్నవ్?" అన్నాడు శంకర్రావు.

"సాంగ్లీ ముంగట నాకు కడుపు నొయ్యలే పప్పా. అవ్వ ఇంగువ రాసింది, డాక్టర్ సూది ఇచ్చిండు, అన్నీ ఊకనే." ప్రాజక్త తండ్రి వైపు చూడలేదు, మయూరి వైపు చూసింది. "ఏడో ప్లేయర్ జాగల నీ పేరు రాయాల్సుండె మయూ. టీమ్‌ల అందరికీ ఎరుకే. పప్పా నా పేరు రాసిండు. నేను పోతే రెండో మ్యాచ్‌లనే ఓడిపోతుంటిమి. అందుకని పడుకున్న."

నాలుగేళ్ళుగా మయూరి మనసులో ఒక చిన్న గద్దె ఉండేది. ఇంట్లో ఎవరు ఏమన్నా, తిండి దగ్గర పెద్దమ్మ ముఖం ముడిచినా, 'వీళ్ళ పరువు నిలబెట్టింది నేనే' అనుకుని ఆ గద్దె ఎక్కి కూర్చునేది. ఇప్పుడు దాన్ని ఎవరో కింద నుంచి లాగేశారు. తాను ఇచ్చాననుకున్నది, నిజానికి తనకు ఇచ్చింది. ఆమెకు అక్కను కావలించుకోవాలనిపించింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

"పడుకున్నవ్ సరే" అంది చివరికి. "పేర్లు పంపకముందు నోరెందుకు తెరవలే? అప్పుడు చెప్తే నా పేరే రాస్తుండె గదా! పతకం నా పేరు మీదనే ఉంటుండె."

"పప్పాతోటి కొట్లాడనీకి భయమైంది యార్. పడుకునుడు సులువనిపించింది" అంది ప్రాజక్త. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇట్ల అయితదని నాకేం తెలుసు?"

శంకర్రావు ముఖం చూడాల్సింది. గల్లీలో ఎదురుపడితే కుర్రాళ్ళు భయంతో చొక్కా గుండీ పెట్టుకునేంతటి మనిషి, కూతురి ముందు ఎక్కడ చూడాలో తెలియక తన చేతులు చూసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. వయసులో ఎంత ఆడినా అతనికి ఆటవల్ల ఒరిగింది ఏమీ లేదు, కూతురికైనా ఒరగాలనుకున్నాడు. ఆ ఆశే అతనిచేత ఆ పేరు రాయించింది. కానీ మనిషి ఓడిపోవడానికి అలవాటు పడనివాడు, కాసేపటికే తేరుకున్నాడు.

"అయితే ఇంకా మంచిదాయె" అన్నాడు కూతురితో. "నువ్వు దానికి జాగ ఇచ్చినవ్. రేపు అది నీకు ఆట ఇస్తది. లెక్క సమానం."

అప్పుడు లక్ష్మవ్వ మెంతికూర పళ్ళెం పక్కకు నెట్టింది. ముసలమ్మకు మోకాళ్ళు పట్టేశాయి కానీ నోరు పట్టేయలేదు.

"థూ, నా ముఠాను ఇందులకు గుంజకురా" అంది. "మేం పలికింది నిజమే. ఎన్ని దినాలు పలికినం? ఆ తల్లి పురిటి మంచం దిగిందాంక. దిగినంక ఆమె వచ్చి ఆమె తట్ట ఆమె మోసింది, ఆమె పేరుకు ఆమె పలికింది. అరవై ఏండ్లొచ్చిందాంక ఇంకొకతి పేరుకు పలుకుమని మేం ఎవ్వరిని అడగలే. దీన్ని రేపు పలుకుమంటవ్. నౌకరీ వచ్చినంక ఆడ మళ్ళ ఆట పెడ్తరు, మళ్ళ పలుకుమంటవ్. ఇది సచ్చిందాంక ప్రాజక్తేనా? మరి మయూరి ఏడికి పోవాలె?"

శంకర్రావు మయూరి వైపు చూశాడు, ఖోలీ సంగతి గుర్తుంచుకో అన్నట్టు.

మయూరి గుర్తుంచుకుంది. గుర్తుండగానే చెప్పింది. "నేను ఆడను పెద్దనాయినా. ఫ్లాటు వద్దు. మా అమ్మకు నేనే చెప్పుకుంట."

అమ్మకు ఏమని చెబుతుంది? పొద్దంతా సూది కింద వేళ్ళు పెట్టి వచ్చిన మనిషితో, నీకు రాబోయిన తలుపును నేనే వద్దన్నానని ఎలా అంటుంది? ఆమె బయటికి నడిచింది. మెట్లు దిగి, గల్లీ దాటి, ఫాక్‌లాండ్ రోడ్డులో చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. మళ్ళీ పోయింది. దుకాణాల ముందు సామాను దించుతున్న కూలీలు తప్పుకోమని అరిచారు. ఒక చోట ఆగి చాయ్ చెప్పి, అది వచ్చేలోపే కదిలిపోయింది. ఎక్కడా నిలవలేకపోయింది.

తిరిగి వచ్చేసరికి గ్యాలరీలో ప్రాజక్త నిలబడి ఉంది. సల్వారు పైకి మడిచి, చున్నీ నడుముకు బిగించి కట్టింది.

"ఏందిది?" అంది మయూరి.

"రేపు నేనే ఆడ్త. నా పేరుకు నేనే పలుకుత. వస్తే వస్తది, పోతే పోతది." ప్రాజక్త ముక్కు తుడుచుకుంది. "ఒక్క ఎత్తన్న నేర్పు మయూ. నీ కాలుది."

మయూరి కాలి ఎత్తు గల్లీలో పేరున్నది. కూత పెడుతూ వెనక్కి తగ్గినట్టే తగ్గి, ఎదుటివాళ్ళు ముందుకు వంగగానే బొటనవేలితో వాళ్ళ మడమ తాకి గీత దాటేస్తుంది. సాంగ్లీ ఫైనల్‌లో గెలిచింది దానితోనే. అది ఎవరికీ నేర్పలేదు. నేర్పాలని ఇప్పుడూ లేదు. 'నా పతకం తీసుకున్నావు, పేరు తీసుకున్నావు, ఇప్పుడు ఇదీనా' అనిపించింది, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రాజక్త గోడకు ఆనుకుని ఎదురుచూస్తోంది. ఆమె మడమలు దుకాణంలో పొద్దంతా నిలబడి పగిలి ఉన్నాయి.

"నడుము దించు" అంది మయూరి. "ఇంకా దించు. భయపడుతున్నట్టు వెనక్కి రా. నిజంగ భయపడకు."

ఆరేసిన బట్టల కింద, నిండిన బిందెల పక్కన, ఇద్దరూ ఆ సన్నటి గ్యాలరీలో ముందుకూ వెనక్కీ కదిలారు. ప్రాజక్త రెండుసార్లు జారి బిందెను తన్నింది. పక్క ఖోలీవాళ్ళు తిట్టారు. ఒకసారి, ఒకే ఒక్కసారి, ఆమె బొటనవేలు మయూరి మడమను సరిగ్గా తాకింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. గుమ్మంలోంచి చూస్తున్న శంకర్రావు నవ్వలేదు, అలాగని ఆపనూలేదు.

*

మరునాడు పొద్దున వర్లీ వైపు ఒక మైదానం. శంకర్రావు వ్యానులో ఇద్దరినీ దింపి గేటు బయటే ఆగిపోయాడు. వాళ్ళు దిగేటప్పుడు కూతురి తల మీద చేయి పెట్టి వెంటనే తీసేశాడు. గేటు దగ్గర ప్రాజక్త బొటనవేలు పెట్టింది, మిషన్ పచ్చగా వెలిగింది. మయూరి వెంట వచ్చినవాళ్ళు నిలబడేచోట, తాడు అవతల నిలబడింది. కాళ్ళు ఒకచోట ఉండటం లేదు. మ్యాట్ వాసన తగలగానే అరికాళ్ళు దురద పెట్టాయి. నేను ఇక్కడెందుకు ఉన్నాను, అక్కడ కదా ఉండాల్సింది అనుకుంది.

కూతకు వచ్చే ప్రతి ఒక్కరికీ ఎదురుగా ఏడుగురు అమ్మాయిలను నిలబెట్టారు. వాళ్ళూ ఉద్యోగానికి వచ్చినవాళ్ళే, వంతులవారీగా రెండు వైపులా ఆడాలి. మెడలో ఈల వేసుకున్న నెరిసిన జుట్టు అధికారిణి పేర్లు పిలుస్తోంది.

"ప్రాజక్త!"

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. మయూరి గొంతు దాకా 'హాజర్' వచ్చేసింది. పళ్ళు బిగించి మింగేసింది.

"హాజర్" అంది ప్రాజక్త. అందరికీ వినిపించింది. గీత దగ్గరికి నడిచింది, వంగి మ్యాట్‌ను తాకి కళ్ళకు అద్దుకుంది. మయూరికి కళ్ళు చెమర్చాయి. తన పేరు తానే మోయడానికి వెళ్తున్న అక్కను చూస్తే, పతకం పోయిన బాధ కూడా కాసేపు పక్కకు జరిగింది.

ఎదుటి ఏడుగురిలో చివరన నిలబడిన అమ్మాయి నవ్వుతూ తల తిప్పింది. ప్రాజక్త అన్న పేరు విని తిప్పింది. గడ్డం కింద పాత గాటు. మయూరి ఆ గాటును గుర్తుపట్టింది. సాంగ్లీ ఫైనల్‌లో తన మడమ కోసం దూకి, తన మోకాలికి గడ్డం కొట్టుకుని రక్తం కారిన అమ్మాయి. పేరు సాక్షి, ఆ తర్వాతి ఏడు ఆమె జట్టే బంగారం గెలిచింది. సాంగ్లీలో మ్యాచ్ అయ్యాక గడ్డానికి గాజుగుడ్డ పట్టుకునే వచ్చి కావలించుకుంది, 'ప్రాజక్తా, నిన్ను మరిచిపోనే' అంది.

సాక్షి నవ్వు ఆగిపోయింది. గీత దగ్గర నిలబడిన మనిషిని కిందినుంచి పైకి చూసింది. పట్టుకున్న చేతులు వదిలి వరుసలోంచి బయటికి వచ్చింది.

"మేడమ్, ఆగండి" అంది మరాఠీలో. "ఈమె ప్రాజక్త కాదు. ప్రాజక్తతో నేను ఫైనల్ ఆడాను. ఎవరో ఆమె పేరు పెట్టుకుని వచ్చారు."

మైదానంలో అంతమంది ఉండగా, తన పేరుకు తాను పలికిన ఒకే ఒక్క మనిషి దొంగలా నిలబడిపోయింది. అధికారిణి ఈల జారవిడిచి ప్రాజక్త దగ్గరికి వచ్చింది. గేటు దగ్గరున్న పోలీసు ఇటు నడవడం మొదలుపెట్టాడు. తాడు అవతల, దూరంగా, శంకర్రావు గేటు ఊచలు పట్టుకుని ఉన్నాడు.

సాక్షి కళ్ళు జనంలో వెతుకుతున్నాయి. మయూరి తల దించుకుంది, ఆలస్యం అయిపోయింది.

"అదిగో!" సాక్షి చెయ్యి చాచింది. "తాడు దగ్గర, నీలం చొక్కా. ప్రాజక్త ఆమె!"

అందరూ తిరిగి చూశారు. అధికారిణి తాడు దాకా వచ్చి నిలబడింది. కోపంగా లేదు, మామూలుగానే అడిగింది.

"నీ పేరేంటమ్మా?"

ప్రాజక్త అని చెబితే, మిషన్ తన వేలు అడిగేదాకానైనా, ఉద్యోగం, క్వార్టర్స్, అమ్మకు ఒక తలుపు, అన్నీ ఈ క్షణంలోనే తనవి. అక్కను మాత్రం ఆ పోలీసు తీసుకుపోతాడు. మయూరి అని చెబితే సాంగ్లీ సంగతి బయటపడుతుంది. పతకం పోతుంది, జట్టు పోతుంది, పెదనాన్న పోతాడు, ఇద్దరికీ ఇక ఏ మైదానమూ ఉండదు.

మ్యాట్ మీద ప్రాజక్త ఆమెనే చూస్తోంది. తల అడ్డంగా ఊపుతోందో, నిలువుగా ఊపుతోందో ఇంత దూరం నుంచి తెలియడం లేదు.

"నిన్నే" అంది అధికారిణి. "పేరు చెప్పు."

మయూరి నోరు తెరిచింది.